వీధి దాటితే మారిపోయే శాస్త్రం

మా బరంపురంలో ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల "నేనెందుకు చెయ్యకూడదు?" అని అడిగితే పెద్దవాళ్ళ నోట ఒకటే జవాబు వస్తుంది: "శాస్త్రం ఒప్పుకోదమ్మా." తండ్రికి కొరివి పెడతానన్నా అదే మాట, నాగలి పడతానన్నా అదే మాట, మగ్గం గుంటలోకి దిగుతానన్నా అదే మాట. ఏ శాస్త్రమో, అందులో ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అడిగిన పిల్ల కూడా రెట్టించదు. దేవుడి పేరు అడ్డం వచ్చాక ఎదురు మాట్లాడే ధైర్యం ఆ వయసులో ఎవరికి ఉంటుంది?

నేను ఈ ఊరి హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా తాతగారు ఇక్కడి కోర్టులో ప్లీడరు గుమాస్తాగా చేరడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. అప్పుడు బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ఇల్లు కదల్లేదు, రాష్ట్రం మారింది. మా వీధిలో గోడకి ఇటు తెలుగువాళ్ళం, అటు ఒడియావాళ్ళు. మొక్కేది మాత్రం ఒకే దేవుళ్ళకి. జగన్నాథుడు, బుఢీ ఠాకురాణి, తారాతారిణి మా అందరికీ ఇలవేల్పుల లాంటివాళ్ళే. మతం ఒకటే, ఇళ్ళలో నడిచే పద్ధతులు వేరు. అందుకే ఆడవాళ్ళు ఇలా ఉండాలి, మగవాళ్ళు అలా ఉండాలి అనే నమ్మకాలు మతం వల్ల వచ్చాయా, సంస్కృతి వల్ల వచ్చాయా అని తేల్చుకోడానికి మా వీధి కంటే మంచి చోటు నాకు కనిపించదు. ఇన్నేళ్ళు చూశాక నాకు తోచింది చెబుతాను. ఆ నమ్మకాల్లో చాలా భాగం పొలంలో, ఆస్తి పంపకంలో, పెళ్ళి సంబంధాల్లో పుట్టింది. మతం వాటి మీద ముద్ర వేసింది. ఆ ముద్ర చిన్నదని మాత్రం నేను అనను.

మా పెద్దక్కని మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. శుభలేఖ ఇవ్వడానికి అమ్మ పక్కనున్న ఒడియావాళ్ళ ఇంటికి వెళ్ళింది. మేం మౌసీ (పిన్ని) అని పిలిచే ఆ ఇంటావిడ పెళ్ళికొడుకు ఎవరో తెలుసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి గొంతు తగ్గించి, "మామూ (మేనమామ) అంటే తండ్రి లెక్క కదా, పిల్లని అతనికెలా ఇస్తారు? పాపం కాదూ?" అంది. అమ్మకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. మా ఇళ్ళలో మేనకోడలి మీద మేనమామకి హక్కు ఉందంటారు. పిల్లని బయట ఇచ్చారని మామయ్య అలిగి పెళ్ళికి రాని సందర్భాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చైత్రంలో మంగళవారాలు కలిసి తారాతారిణి కొండకి వెళ్ళేవారు. ఒకే గుడిలో కొబ్బరికాయ కొట్టి ఒకే ప్రసాదం తినేవారు. ఒకరికి పాపమైన పెళ్ళి ఇంకొకరికి పుణ్యమైంది. ఇద్దరూ తమ వెనక శాస్త్రం ఉందనే నమ్మారు.

చట్టం కూడా ఈ తేడాని గుర్తించింది. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి కుదరదని 1955 నాటి హిందూ వివాహ చట్టం చెబుతుంది, కానీ వాళ్ళ ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్ళి చెల్లుతుందని అదే వాక్యంలో మినహాయింపు ఇస్తుంది. ఇరావతీ కర్వే 1953లో దేశంలోని బంధుత్వ పద్ధతులని ప్రాంతాల వారీగా విడదీసి పుస్తకం రాశారు. మతాన్ని బట్టి ఆ విభజన కుదరలేదు. భాషని, నేలని బట్టి కుదిరింది.

ఈ తేడా ఆడపిల్ల బతుకులో ఎంత దూరం పోతుందో చూడండి. మా అక్కకి అత్తగారు మా అమ్మమ్మే. అక్క ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడేది, అలిగేది, ఆకలేస్తే అడక్కుండా తినేది. మౌసీ ఇంటికి వచ్చిన కోడలు మామగారి ఎదుట, బావగారి ఎదుట తల మీద కొంగు దించేది కాదు. బావగారితో ఎదురుగా మాట్లాడేదే కాదు. "కోడలంటే అణకువ" అనే మాట ఆ ఇంట్లో ధర్మం. మా ఇంట్లో ఆ మాట మీద అంత పట్టింపు లేదు. ఉత్తరాదిలో పెళ్ళికూతురు ముక్కూమొహం తెలియని ఊరికి వెళ్తుందని, దక్షిణాదిలో బంధువుల్లోనే ఉంటుందని, అక్కడి ఆడవాళ్ళ స్వేచ్ఛకి, ఇక్కడి స్వేచ్ఛకి ఉన్న అంతరంలో దీని పాత్ర ఉందని టిమ్ డైసన్, మిక్ మూర్ 1983లో ఒక పేరుపడ్డ వ్యాసంలో వాదించారు. మేనరికాన్ని నేను మెచ్చుకోవడం లేదు. దగ్గరి రక్తంలో పెళ్ళిళ్ళ వల్ల పిల్లలకి జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది. పైగా ఆ పెళ్ళి నీకు ఇష్టమేనా అని మా అక్కని ఒక్కరూ అడగలేదు. నేను చెప్పేదల్లా, కోడలికి అణకువ నేర్పింది జగన్నాథుడు కాదని. ఆయన గోడకి రెండు వైపులా ఉన్నాడు.

వంట సంగతి చూద్దాం. వంట ఆడదాని ధర్మమనీ మగవాడు గరిటె పట్టకూడదనీ అంటారు కదా, పూరీలో జగన్నాథుడికి వండేది సువారులు. వాళ్ళందరూ మగవాళ్ళే. బరంపురంలో ఏ పెళ్ళికి వెళ్ళినా గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కేది మగవాళ్ళే. చైత్రంలో గంజాం పల్లెల్లో దండ నాట కట్టే భక్తులు ఉన్నారు. 13 రోజులో, 18 రోజులో, 21 రోజులో మొక్కు ప్రకారం ఇల్లు వదిలి, తమ తిండి తామే వండుకుని, ఎండలో మట్టి మీద దొర్లుతూ, నీళ్ళలో దిగి దండాలు చేస్తూ, మేష సంక్రాంతి దాకా కఠినమైన నియమంలో ఉంటారు. వాళ్ళు కొలిచేది కాళికా దేవిని. ఆ బృందంలో ఆడవాళ్ళకి చోటు లేదు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. దేవుడి కోసమైతేనో, కూలి కోసమైతేనో వంట మగవాడి పనైంది. రోజూ ఇంట్లో ఊరికే వండాల్సి వచ్చేసరికి ఆడదాని ధర్మమైంది. గౌరవమో డబ్బో ఉన్న చోటికి మగవాడు వెళ్ళాడు. ఆ తరవాత దాన్ని శాస్త్రం అన్నారు.

మగ్గం కథా ఇలాంటిదే. బరంపురం పట్టుకి దేశమంతా పేరు. గుడి శిఖరాల్లా అంచు తేలే ఫోడా కుంభ చీరకి, మగవాళ్ళు కట్టే జోడకి కలిపి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ నేత వాళ్ళు దేరా కులం వాళ్ళు, ఇక్కడి మహురీ రాజు పిలిస్తే రాజమండ్రి వైపు నుంచి వచ్చామని పెద్దలు చెప్పుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో మగ్గం మీద మగవాడు కూర్చుంటాడు. దారం తియ్యడం, కండెలు చుట్టడం, అంటే నేత మొదలవకముందు నడుం విరిగే పనంతా ఆడవాళ్ళది. చీర అమ్మిన డబ్బు నేసినవాడి చేతికి వస్తుంది. అస్సాంలో చూస్తే నేత ఆడవాళ్ళ విద్య, మగ్గం నేర్వని పిల్లని తక్కువగా చూసిన కాలం ఉంది. అక్కడా హిందువులే, ఇక్కడా హిందువులే. మగ్గానికి మైల అంటుతుందని ఇక్కడ చెప్పే దేవుడు అస్సాంలో వేరేలా చెప్పాడా?

గోపాల్‌పూర్ తీరానికి వెళ్తే మన తెలుగు మత్స్యకారులు కనిపిస్తారు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. సముద్రం మీదకి మగవాళ్ళు వెళ్తారు. పడవ ఒడ్డుకి చేరగానే చేప ఆడవాళ్ళ చేతిలోకి వస్తుంది. బేరం వాళ్ళదే, తట్ట నెత్తిన పెట్టుకుని బరంపురం బజార్ల దాకా వచ్చేదీ వాళ్ళే. డబ్బు రొండిన దోపుకునేదీ వాళ్ళే. మా అమ్మ కూరలకి కూడా నాన్నగారిని అడిగి డబ్బు తీసుకునేది. ఆమె చదువుకున్న మనిషి. చేపలమ్మే గంగమ్మ భక్తురాలికి ఆ అవసరం లేదు. ఒకే భాష, ఒకే మతం. పని వేరు, అందుకే మర్యాద వేరు.

కట్నం గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తి కాదు. ఆడపిల్ల ఇంటికి భారమని, కట్నం అనాదిగా ఉందని మన పిల్లలు అనుకుంటున్నారు. మాకు పొరుగున విజయనగరంలో గురజాడ 1892లో ఆడించిన నాటకం పేరు కన్యాశుల్కం. అప్పట్లో పెళ్ళికొడుకు వైపు వాళ్ళే పిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లని కొనుక్కునేవారు. విజయనగరం మహారాజు ఆనాటి విశాఖపట్నం జిల్లాలో అలాంటి బ్రాహ్మణ వివాహాల జాబితా తీయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయని, అమ్ముడైనవాళ్ళలో 99 మంది అయిదేళ్ళ పిల్లలని గురజాడ ఆ పుస్తకం ముందుమాటలోనే రాశారు. ఏడాది నిండిన పసికందులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి అవే కుటుంబాలు అదే మంత్రాలతో, అదే పురోహితుణ్ణి పెట్టుకుని, వరుడికి కట్నం పొయ్యడం మొదలుపెట్టాయి. డబ్బు నడిచే దారి తిరగబడింది. మగపిల్లలకి ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం వచ్చాక వాళ్ళ వెల పెరిగింది. వేదం మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

ఇతర మతాల వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. ఇస్లాంలో పెళ్ళికొడుకే పెళ్ళికూతురికి మెహర్ ఇవ్వాలి, అది ఆమె సొంతం. అయినా హైదరాబాదు వైపు ముస్లిం కుటుంబాల్లో జోడే కీ రకం పేరుతో పిల్లవాడి వైపుకి డబ్బు ముట్టజెప్పడం నడుస్తూనే ఉంది. బైబిల్ ఇమ్మని చెప్పని కట్నం మన తెలుగు క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ఉంది. ముగ్గురు దేవుళ్ళ పేర్లతో ఒకే బేరం సాగుతోంది. ఆంధ్రప్రదేశ్ 1958లో, కేంద్రం 1961లో కట్నాన్ని నిషేధిస్తూ చట్టాలు చేసినా ఆగలేదు.

సముద్రాలు దాటి చూస్తే ఇండొనేసియాలో సుమత్రా దీవి పశ్చిమాన మినాంగ్‌కబావ్ అనే జనం ఉన్నారు. నమాజు తప్పని ముస్లింలు. పూర్వీకుల ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికి వెళ్ళే సంప్రదాయం. మతం ఒక్కటే ఆడదాని స్థానాన్ని నిర్ణయించేదైతే అక్కడ ఇలా ఉండడానికి వీల్లేదు.

అలాగని మతాన్ని తప్పించేస్తే అది సగం నిజమే అవుతుంది. మిగతా సగం మా కొండల్లో ఉంది. పర్లాకిమిడి వైపు కొండలు 1992 దాకా గంజాం జిల్లాలోవే, ఇప్పుడు గజపతి జిల్లా. మన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ కొండల్లోని సవరల భాష నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాశారు. సవరల్లో చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడే పూజారులుండేవారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చనిపోయినవాడి ఆత్మ ఆ పూజారిణి నోట పలికేది, బంధువులు చుట్టూ కూర్చుని వాదించేవారు, ఏడ్చేవారు, తగువులు తీర్చుకునేవారు. పియర్స్ విటెబ్స్కీ అనే పరిశోధకుడు 1970ల నుంచి వాళ్ళ మధ్య ఉండి 1993లో దీని మీద ఒక పుస్తకం, 2017లో ఇంకొకటి రాశారు. మా ఇళ్ళలో శవం లేచాక ఆడవాళ్ళు గుమ్మం దాటకూడదు. యాభై అరవై మైళ్ళ దూరంలో చావు కర్మ చాలావరకు ఆడదాని చేతి మీదుగా నడిచేది. రెండో పుస్తకం చదివినప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. సవర పిల్లల తరం బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్ళింది. బడి వచ్చింది, చదువు వచ్చింది. పాస్టర్లు మాత్రం మగవాళ్ళు. ఊరికి పెద్ద దిక్కుగా ఉన్న ముసలి పూజారిణి పక్కకి జరగాల్సి వచ్చింది. మతం మారితే ఆడదాని పీట మారుతుందనడానికి ఇంతకంటే రుజువు ఏముంటుంది? మతానికి శక్తి లేదని నేను అనలేను.

నాగలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొండపోడులో గునపం, పార ఆడవాళ్ళూ పడతారు. మైదానంలో నాగలి మగవాడిది, ఆడది ముట్టుకుంటే అరిష్టం, వాన పడదు అంటారు. ఎస్టర్ బోసెరప్ 1970లోనే ఈ తేడా గమనించారు. అలెసినా, జూలియానో, నన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2013లో దేశదేశాల వివరాలు పరిశీలించారు. పూర్వం నాగలితో సేద్యం చేసిన సమాజాల్లో ఈనాటికీ ఆడవాళ్ళు బయట పనికి వెళ్ళడం తక్కువని, ఆ కుటుంబాల పిల్లలు వేరే దేశానికి వలస వెళ్ళినా ఆ భావన వెంట వెళ్తుందని చూపించారు. నాగలికి భుజబలం కావాలి, అది మొదటి కారణం. అరిష్టమనే మాట ఆ తరవాత వచ్చి చేరింది. ట్రాక్టరుకి భుజబలం అక్కర్లేదు, అయినా మాట మిగిలింది.

ఇక కొలిచే దేవతల సంగతికి వస్తే, మా ఊరి గ్రామదేవతలు ఆడవాళ్ళే. రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వస్తుంది. బుఢీ ఠాకురాణి అత్తవారి ఇంటి నుంచి పుట్టింటికి వచ్చే కూతురు. ఆ పుట్టిల్లు దేరా నేతవాళ్ళ పెద్ద దేశీబెహెరా వీధిలో ఉంది. అమ్మవారిని ఊరంతా కూతురిగా చూస్తుంది. రాత్రుళ్ళు ఘటాలు వీధి వీధి తిరుగుతుంటే పెద్ద పెద్ద వ్యాపారులు కూడా చేతులు జోడించి నిలబడతారు. పురుషోత్తమ్‌పూర్ దగ్గర రుషికుల్యా ఒడ్డున కొండ మీద తారాతారిణి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పక్కన మగదేవుడు లేడు. పిల్లలు లేని ఒక పండితుడు పెంచుకున్న ఆడపిల్లలే ఆ దేవతలని కథ. చైత్ర మంగళవారాల్లో లక్షల మంది అక్కడ పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు.

ఇంత ఆడపిల్ల భక్తి ఉన్న గంజాంలో 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళ లోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 908 మంది. అంతకు పదేళ్ళ ముందు 939. రాష్ట్రం సగటు 941. పుట్టబోయేది ఎవరో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా 2022లో మా ఊళ్ళోనే దొంగచాటుగా స్కానింగ్ చేస్తున్న ముఠాని పోలీసులు పట్టుకున్నారు. కొండ మీద ఇద్దరాడపిల్లలకి మొక్కి, దిగివచ్చి కడుపులో ఉన్నది ఎవరో తెలుసుకోవాలని వెళ్ళిన కుటుంబాలు ఈ జిల్లాలో ఉండే ఉంటాయి. ఈ మాట రాస్తుంటే నాకు చెయ్యి వణుకుతోంది. దేవతని కొలవడానికీ కూతుర్ని కోరుకోవడానికీ సంబంధం లేకుండా పోయింది.

కటక్, పూరీ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాల్లో జూన్‌లో రజ పండగ చేస్తారు. ఆ మూడు రోజులూ భూదేవి బహిష్టులో ఉంటుందని నమ్మకం. దున్నకూడదు, నేల తవ్వకూడదు. ఆడపిల్లలకి కొత్త బట్టలు, ఉయ్యాలలు, పోడ పిఠా అనే పిండివంట. వాళ్ళు వంటింటి వైపు పోనక్కర్లేదు. నాలుగో రోజు భూదేవికి స్నానం. నేను చిన్నప్పుడు ఆ ఉయ్యాల మీద ఊగేదాన్ని. అదే నేను పెద్దమనిషినయ్యాక నెలకి మూడు రోజులు మా ఇంట్లో వెనక వసారాలో చాప మీద, వేరే కంచంతో కూర్చున్నాను. భూమికి వస్తే పండగ, పిల్లకి వస్తే మైల. రజ పండగ చేసే ఇళ్ళలో కూడా ఆ రోజుల్లో కోడలు పూజగదిలోకి వెళ్ళదు. రెండు భావాలూ ఒకే మతంలో ఉన్నాయి. వాటిలో ఏది రోజువారీ నియమం కావాలో, ఏది ఏడాదికోసారి సరదా కావాలో ఇంటి పెద్దలే ఎంచుకున్నారు. 2024 ఆగస్టు 15న ఒడిశా ఉప ముఖ్యమంత్రి ప్రవతి పరిడా ఉద్యోగినులకి నెలకో రోజు బహిష్టు సెలవు ప్రకటించారు. వసారాలో చాప నుంచి జీతంతో సెలవు దాకా వచ్చాం. ఎవరి మతమూ చెడలేదు.

లక్ష్మీ పురాణం గురించి చెప్పాలని నాకు చాలా కాలంగా ఉంది. మన ఉత్తరాంధ్రలో మార్గశిర లక్ష్మివారాలు చేసుకున్నట్టే ఒడియా ఇళ్ళలో మాణబసా చేస్తారు. వాకిట బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేసి, మానికలో కొత్త ధాన్యం పోసి, బలరామ దాస్ కొన్ని వందల ఏళ్ళ కిందట రాసిన లక్ష్మీ పురాణం చదువుతారు. నేను మౌసీ ఇంట్లో చాలాసార్లు విన్నాను. లక్ష్మీదేవి శ్రియా అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్ళి ఆమె పూజ అందుకుంటుంది. బలభద్రుడికి కోపం వస్తుంది, తమ్ముడు జగన్నాథుడి చేత ఆమెని గుడి నుంచి వెళ్ళగొట్టిస్తాడు. ఆమె బతిమాలదు. వెళ్తూ వెళ్తూ ఆ ఇంటి సిరినంతా తనతో తీసుకుపోతుంది. అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు అన్నం దొరక్క వీధి వీధి బిచ్చమెత్తుకుంటారు. చివరికి ఆమె వండిన అన్నం తిని, ఆమె పెట్టిన షరతుకి ఒప్పుకుంటారు. కులం చూడకుండా అందరూ కలిసి మహాప్రసాదం తినాలన్నది ఆ షరతు.

ఇంటి యజమాని తప్పు చేశాడని, అతన్ని ఆకలితో మాడ్చి దారికి తెచ్చింది భార్యేనని చెప్పే పుస్తకం అది. దాన్ని ఆడవాళ్ళే చదువుతారు, ఆడవాళ్ళే వింటారు. అదే పుస్తకంలో తెల్లవారకముందే లేవాలని, ఇల్లు అలకాలని, ఆ రోజు ఏం తినాలి, ఏం తినకూడదు అని ఆడవాళ్ళకి నియమాలు కూడా ఉన్నాయి. మా వీధిలో ఏమైందో చెబుతాను. నియమాలన్నీ కోడళ్ళకి కంఠతా వచ్చాయి. తప్పితే అత్తగారు గుర్తు చేస్తుంది. లక్ష్మి ఇల్లు విడిచి వెళ్ళి నెగ్గిన భాగం మాత్రం కథగా మిగిలింది. మొగుడు కొడితే పుట్టింటికి వచ్చిన కూతురితో "లక్ష్మి కూడా వెళ్ళిపోయిందమ్మా, షరతు పెట్టాకే తిరిగి వెళ్ళింది" అని ఏ తల్లీ అనగా నేను వినలేదు. మతగ్రంథంలో ఉన్నది ఒకటి, మనం ఏరుకున్నది ఒకటి. ఏరుకునే చెయ్యి సంస్కృతిది.

ఏరుకోవడం మార్చుకోవచ్చని ఈ నేల మీదే రుజువులున్నాయి. మా గిరి రోడ్డుకి పేరిచ్చిన వి.వి.గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు. ఆయన రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. ఆయన తల్లి సుభద్రమ్మ గారు శాసనోల్లంఘన ఉద్యమంలో ఇదే ఊళ్ళో మద్యనిషేధం కోసం సమ్మెకి ముందు నిలిచి అరెస్టయ్యారని ఎంతమందికి తెలుసు? పరువుగల ఇంటి ఇల్లాలు సారా కొట్టు ఎదుట నిలబడకూడదని ఆనాడూ అన్నారు. చిన్నతనంలోనే పెళ్ళయి, మూడో తరగతితో చదువు ఆగిపోయిన ప్రమీలా బిసోయి గారు పొదుపు సంఘం నడుపుతూ నడుపుతూ 2019లో అస్కా నుంచి పార్లమెంటుకి వెళ్ళారు. బాల్యవివాహాలు మా ఆచారమన్న జిల్లాయే 2022 జనవరిలో బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించుకుంది. ఒడిశాలో అదే మొదటిది. పెళ్ళికి ముందు వయసు రుజువు చూడమని అధికారులు పూజారులకీ పెళ్ళి మండపాల వాళ్ళకీ గట్టిగా చెప్పారు. పూజారి ఆధార్ కార్డు అడిగితే మంత్రం శక్తి తగ్గలేదు.

గంజాం నుంచి లక్షల మంది మగవాళ్ళు సూరత్ పవర్‌లూముల్లో పనికి పోయారు. వెనక మిగిలిన ఆడవాళ్ళు పొలం కౌలుకిస్తున్నారు, బ్యాంకుకి వెళ్తున్నారు, బడిలో సంతకాలు పెడుతున్నారు, తుపాను వచ్చినప్పుడు కప్పు నేయిస్తున్నారు. ఇవన్నీ ఆడవాళ్ళకి చేతకావని అన్న పనులే. అయ్య పండక్కి ఊరొచ్చినప్పుడు మాత్రం పెత్తనం మళ్ళీ ఆయన చేతికి పోతుంది. పని మారినంత త్వరగా మాట మారదు.

అన్నిటికంటే నాకు గట్టిగా తగిలేది ఆస్తి. మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో, సరిహద్దుకి అవతల ఇచ్ఛాపురం. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇస్తూ ఎన్.టి.రామారావు ప్రభుత్వం చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అక్కడ అమలైంది. అంతకు ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి అది వర్తించలేదు, ఆ లోటు ఉంది. ఇచ్ఛాపురంలో ఉన్న నా పెదనాన్న కూతురికి ఆ హక్కు వచ్చింది. బరంపురంలో ఉన్న నాకు రాలేదు. ఒకే తాత, ఒకే గోత్రం, ఒకే శ్రాద్ధం. 2005లో దేశమంతటికీ చట్టం మారాక గాని ఇక్కడి ఆడపిల్లలకి ఆ సమానత రాలేదు. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అనే మెలికని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీసేసింది. కూతురు పుట్టుకతోనే వారసురాలు అంది. ఇరవై ఏళ్ళపాటు సరిహద్దు గేటుకి ఇటూ అటూ ఒకే ఇంటి ఆడపిల్లలకి రెండు ధర్మాలు నడిచాయి. దేవుడు ఆ గేటు దగ్గర మాట మార్చలేదు, అసెంబ్లీ మార్చింది.

అందుకే నా తీర్పు ఇది. మతమా, సంస్కృతా అంటే ముందు సంస్కృతి, దాని వెనక భూమి, డబ్బు, పని. మతం వాటికి కాపలా కాస్తుంది. ఒక్కోసారి లక్ష్మి లాగా వాటి మీద తిరగబడే బలాన్ని కూడా ఇస్తుంది. ఏది తీసుకోవాలన్నది మన చేతిలో ఉంది.

చదువుతున్న అన్నదమ్ములకి ఒక విన్నపం. నాన్నగారు పోయిన ఏడాదిలోపల అక్కచెల్లెళ్ళని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పిలిచి, హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించడం మన ఇళ్ళలో మామూలైపోయింది. పుట్టింటి మీద ప్రేమ ఉంటే అడగకూడదంటారు. అలా పిలిచే ముందు ఆస్తి ఎంతో, అందులో వాళ్ళ వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వండి. వారం రోజులు ఇంట్లో ఉంచుకుని చదువుకోనివ్వండి. అక్కచెల్లెళ్ళకీ నా మాట ఒకటే: ఆ కాగితం చూడకుండా సంతకం పెట్టకండి.